పాటల సాఫ్ట్‌వేర్ కొన్నాక కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ డబ్బు కట్టాలా?

అందరిదీ ఒకే పద్ధతి కాదు. నల్గొండలో ఇంట్లోనే బతుకమ్మ పాటలు రికార్డు చేస్తున్నానని, చేతిలో డబ్బు తక్కువని రాశారు కాబట్టి ముందు రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చూడమంటాను. 60 రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. ఇప్పుడు కొన్న లైసెన్స్‌కు తర్వాతి పెద్ద వెర్షన్ ముగిసేదాకా అప్‌డేట్లు ఉచితం.

ఎఫ్ఎల్ స్టూడియో అనే మరో సాఫ్ట్‌వేర్‌లో కొన్న ఎడిషన్‌కు (ధరను బట్టి సౌకర్యాలు మారే రకానికి) అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. వినడానికి ఇంతకన్నా న్యాయమైన బేరం లేదు. మెలిక ఎడిషన్లలో ఉంది. అందరూ చవకని ఎగబడే ఫ్రూటీ ఎడిషన్ బీట్లకు సరిపోతుంది కానీ, మీ కోలాటం బృందం గొంతులను మైకులో పట్టి ట్రాకులుగా పేర్చాలంటే ప్రొడ్యూసర్ ఎడిషనే కావాలి. తేడా డబ్బు కట్టి తర్వాతైనా పైకి మారవచ్చు. ఎఫ్ఎల్ స్టూడియో ఉచిత ట్రయల్‌లో సేవ్ చేసిన పాట కొనేదాకా మళ్లీ తెరుచుకోదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

ఏబల్టన్ లైవ్, క్యూబేస్ అనే సాఫ్ట్‌వేర్లలో పెద్ద వెర్షన్‌కు మారితే రుసుము ఉంటుంది. మారకపోయినా పాతది పనిచేస్తూనే ఉంటుంది. క్యూబేస్ కొత్త వెర్షన్‌కు కాస్త ముందు కొన్నవారికి అది ఉచితంగా ఇస్తారు. ఆ గడువు తేదీ చూసుకునే కొనండి. నెలవారీ చందా కట్టే సాఫ్ట్‌వేర్ అయితే పండుగ సీజన్‌కు మాత్రమే పాడేవారికి దండగ.