‘అందరి తరఫున’ అని రాసే ముందు

తిరుపతి

అల్లుడూ,

మొన్న ఆదివారం మీ మీటింగ్‌కు రమ్మన్నావు, వచ్చాను. వెనక వరసలో కూర్చుని అంతా విన్నాను. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లివర్‌పూల్‌కు మన ఊళ్ళో ఉన్న అభిమానులను ఒకచోట చేర్చాలని రెండేళ్ళుగా నువ్వు ఎంత తిరుగుతున్నావో నాకు తెలుసు. మ్యాచ్ ఉన్న రోజు ప్రొజెక్టర్ బ్యాగు వీపుకు తగిలించుకుని బైక్ మీద పోతుంటే చూస్తూనే ఉన్నాను. అందుకే నలుగురిలో ఏమీ అనకుండా ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

మీ సంఘానికి ఆ క్లబ్బు గుర్తింపు కోసం పంపబోయే ఉత్తరం చదివి వినిపించావు. ‘తిరుపతిలోని లివర్‌పూల్ అభిమానులందరి తరఫున’ అని మొదలుపెట్టావు. చదవడం అయ్యాక ‘అందరికీ ఓకే కదా?’ అన్నావు. ఎవరూ నోరు మెదపలేదు. అంతటితో పాసైపోయింది. చందా రెండు వందల నుంచి ఐదు వందలు చేయడం కూడా అలాగే పాసైంది. నేను తలలు లెక్కపెట్టాను. నాతో కలిపి ఇరవై ముగ్గురం. అందులో ఒక్క ఆడపిల్ల లేదు.

ఇందులో నిన్ను తప్పుపట్టే ముందు నా తప్పు చెప్పాలి. డిపోలో యూనియన్ కార్యదర్శిగా నేను పదకొండేళ్ళు చేశాను కదా. ఒక ఏడాది డ్యూటీ చార్టు మార్చాలనుకుని మేనేజ్‌మెంట్ మా అభిప్రాయం అడిగింది. సాయంత్రం ఆరున్నరకు గేట్ మీటింగ్ పెట్టాను. అరవై మంది దాకా వచ్చారు, చేతులెత్తారు. ‘కార్మికులందరి అంగీకారంతో’ అని రాసి సంతకం పెట్టాను. ఆ వేళకు నైట్ హాల్ట్ బస్సుల డ్రైవర్లు, కండక్టర్లు ఎక్కడెక్కడో పల్లెల్లో ఉన్నారు. బస్సులోనే సీటు మీద దుప్పటి పరుచుకుని పడుకుని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పు తీసుకొచ్చే మనుషులు వాళ్ళు. ఆ మార్పుతో దెబ్బతిన్నది వాళ్ళే. మర్నాడు పొద్దున ఒక కండక్టర్, నాకంటే పెద్దాయన, క్యాష్ కట్టేసి నేరుగా నా దగ్గరికొచ్చాడు. చందా రసీదు బల్ల మీద పెట్టి, ‘ఏమప్పా, నన్నెప్పుడు అడిగినావు?’ అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. నా దగ్గర జవాబు లేదు. ఆ సంతకం వెనక్కి తీసుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆయన ముఖం ఇప్పటికీ నాకు గుర్తొస్తుంటుంది.

నీ దగ్గర కూడా నైట్ హాల్ట్ వాళ్ళు ఉన్నారు, అల్లుడూ. చలికాలంలో యూరప్ క్లబ్బులు ఆడే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ మనకు రాత్రి ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. ఆ వేళకు హాలుకు ఎవరు రాగలరు? సొంత బండి ఉండి, మర్నాడు పొద్దున్నే డ్యూటీ లేని మగపిల్లలు. మహిళా యూనివర్సిటీ హాస్టల్లో ఉండి దుప్పటి ముసుగులో ఫోన్ పెట్టుకుని చూసే అమ్మాయి రాలేదు. శ్రీసిటీలో నైట్ షిఫ్టు చేసే కుర్రాడు టీ విరామంలో స్కోరు చూసుకుంటాడు. వీళ్ళకు టీమ్ మీద ప్రేమ తక్కువని నువ్వూ అనవు. కానీ నీ లెక్కలో వీళ్ళు లేరు.

ఇంకొకటి చూశాను. మీకు టీలు తెచ్చిన అబ్బాయి ఖాళీ గ్లాసులు ట్రేలో సర్దుకుంటూ, నువ్వు ఆటగాడు సలా గురించి మాట్లాడుతున్నంతసేపు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. కిందికి దిగేటప్పుడు అడిగాను, ‘నువ్వూ ఈ గ్రూపులో ఉన్నావా?’ అని. ‘లేదు సార్, చందా కట్టినోళ్ళనే చేర్చుకుంటారంట’ అన్నాడు. రెండు వందలకే బయట ఉన్నవాడు ఐదు వందలకు లోపలికొస్తాడా? చందా హాలు ఖర్చులకు తీసుకో, తప్పులేదు. ఓటుకు మాత్రం దాన్ని ముడిపెట్టొద్దు.

నువ్వు ప్రాణం పెట్టుకున్న ఆ క్లబ్బు దగ్గరే నేర్చుకోవలసింది చాలా ఉంది. అక్కడి అభిమానుల సంఘం స్పిరిట్ ఆఫ్ షాంక్లీ 2008లో మొదలైనప్పుడు తనను అభిమానుల యూనియన్ అని చెప్పుకుంది. ఆ మాట వినగానే నాకు వాళ్ళ మీద అభిమానం కలిగింది. కమిటీని సభ్యులే ఎన్నుకుంటారు. 2016 ఫిబ్రవరిలో క్లబ్బు కొత్త స్టాండులో ఒక టికెట్టు ధర 77 పౌండ్లని ప్రకటిస్తే, 77వ నిమిషంలో లేచి బయటికి వెళ్ళిపోదామని అభిమాన సంఘాలు పిలుపిచ్చాయి. సండర్లాండ్‌తో మ్యాచ్, లివర్‌పూల్ 2-0తో ముందుంది. దాదాపు పదివేల మంది లేచి వెళ్ళిపోయారని అంచనా. మ్యాచ్ చివరికి 2-2 అయింది. నాలుగు రోజులకే యజమానులు క్షమాపణ చెప్పి, అన్నిటికంటే ఎక్కువ టికెట్టు ధరను పాత 59 పౌండ్ల దగ్గరే ఉంచారు.

ఇందులో నువ్వు గమనించవలసింది ఆ పదివేల అంకె. మైదానంలో ఉన్నది నలభై వేలకు పైగా. అంటే ఎక్కువమంది కుర్చీల్లోనే ఉన్నారు. వాళ్ళలో ధర పెరిగినా పర్వాలేదనుకున్నవాళ్ళు ఉండొచ్చు, ఎంతో దూరం నుంచి జీవితంలో ఒక్కసారి వచ్చినవాళ్ళూ ఉండొచ్చు. సంఘం బలం ఎంతో ఆ రోజు అందరి కళ్ళ ముందూ తేలింది. మొత్తంలో నాలుగోవంతు మందే అయినా యజమానులను కదిలించడానికి అది చాలింది. అందరూ మా వెనకే ఉన్నారని చెప్పుకోవలసిన అవసరం వాళ్ళకు రాలేదు. 2021 ఏప్రిల్‌లో యజమానులు అభిమానులను అడగకుండా సూపర్ లీగ్ అనే వేరే పోటీలో చేరబోయి గొడవ అయ్యాక, ఆ క్లబ్బులో అభిమానుల ప్రతినిధులతో సపోర్టర్స్ బోర్డు ఏర్పడింది. వికలాంగ అభిమానుల సంఘం లాంటివాటికి కూడా అందులో చోటుంది. ఒక సంఘానికి తట్టని కష్టం ఇంకొక సంఘం చెబుతుందనే కదా.

కాబట్టి ఆ ఉత్తరం ఇప్పుడే పంపకు. మొదటి వాక్యం కొట్టేసి, ‘మా సంఘంలో ఇంతమంది సభ్యులం, ఈ తేదీన అడిగితే ఇంతమంది ఒప్పుకున్నారు, ఇంతమంది ఒప్పుకోలేదు’ అని రాయి. అంకె చిన్నదైనా సిగ్గుపడకు. ఒప్పుకోనివాళ్ళ కారణం కూడా ఒక వాక్యంలో చేర్చు. మీటింగ్‌కు రాలేనివాళ్ళను ఫోన్లో అడుగు, వారం రోజులు గడువియ్యి. మీటింగ్‌లో చేతులెత్తించి లెక్కపెట్టు. ‘ఓకే కదా’ అంటే ఎవరూ కాదనరు. స్నేహితుడి ముఖం మీద కాదని చెప్పడం ఎవరికైనా కష్టమే.

హాలు ఉచితంగా ఇస్తానన్న ఆ కెఫే యజమాని గురించి కూడా ఒక మాట. మంచివాడే కావొచ్చు. కానీ రేపు ఆయన దగ్గర టిఫిన్ల రేట్లు పెరిగాయని కుర్రాళ్ళు గొణిగితే నువ్వు ఎవరి పక్కన మాట్లాడతావు? సగం అద్దెయినా కట్టు. క్లబ్బు గుర్తింపు కూడా అలాంటిదే. అది క్లబ్బు ఇచ్చే కాగితం. అభిమానుల తరఫున మాట్లాడే హక్కు దానితో రాదు, అది అభిమానులే ఇవ్వాలి. ఏడాదికోసారి ఎన్నిక పెట్టు. నువ్వు ఓడిపోయే వీలు కూడా ఉండాలి అందులో.

మన తెలుగువాళ్ళ సంగతే చూడు. మన ఫుట్‌బాల్ టీమ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ గెలిస్తే నువ్వు మా మేడ మీద గంతులేశావు. 2025లో ఆ టీమే ఢిల్లీకి తరలిపోయింది. ఆ రోజు నువ్వు నాకు ఫోన్ చేసి, ‘మమ్మల్ని ఎవరూ అడగలేదు మామా’ అన్నావు. నీ గొంతులో ఆ బాధ నాకింకా గుర్తుంది. నీ గ్రూపు వల్ల ఇంకొకరికి ఆ బాధ రాకూడదనే ఇంత రాశాను.

నా పాత మినిట్స్ పుస్తకం ఒకటి మీ అమ్మ దగ్గర ఇచ్చి పంపుతున్నాను. సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి, వాడుకో. వచ్చే శనివారం ఎనిమిదిన్నర మ్యాచ్‌కు నేనూ వస్తాను. ఆ టీ అబ్బాయిని కూడా పిలువు, వాడి యజమానితో నేను మాట్లాడతాను. ఆ రెండు గంటలు వాడికీ ఒక కుర్చీ వేయించు.

మీ పెద్దమామ