ఏజెంటుకు డబ్బు కట్టే ముందు ఇవి చూడండి అన్నా

అన్నా, పాపను తొమ్మిదో తరగతికి అమెరికాలోని ఆ చిన్న క్రిస్టియన్ బోర్డింగ్ స్కూల్‌కి పంపాలనుంది, ఏజెంటేమో అడ్వాన్సు కట్టమని తొందరపెడుతున్నాడు అన్నారు కదా. ఇప్పుడే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఎఫ్-1 వీసా, అంటే విద్యార్థి వీసా మీద పిల్లల్ని చేర్చుకోవాలంటే స్కూల్‌కి ఎస్ఈవీపీ గుర్తింపు (విదేశీ విద్యార్థుల్ని చేర్చుకోవడానికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండి తీరాలి, 'స్టడీ ఇన్ ది స్టేట్స్' అనే అక్కడి ప్రభుత్వ సైట్‌లో స్కూల్ పేరు కొట్టి చూడండి, లేకపోతే అక్కడితో వదిలేయండి. ఉంటే సీటు ఖాయమయ్యాక స్కూలే వీసాకి కావాల్సిన ఐ-20 అనే పత్రం ఇస్తుంది, ఆ తర్వాత 350 డాలర్ల సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అక్కడి ప్రభుత్వ రికార్డుకి కట్టేది) కట్టి వీసాకి వెళ్లాలి, చిత్తూరు నుంచి మనకు చెన్నై కాన్సులేటే దగ్గర. గవర్నమెంట్ హైస్కూల్లో అయితే ఎఫ్-1 మీద 12 నెలలే, ప్రైవేటులో ఆ గడువు లేదు.

నాకు వీసా కన్నా టెన్షన్ పెట్టేది వేరే. ఇలాంటి చాలా స్కూళ్లలో ప్రార్థన, బైబిల్ క్లాసు అందరికీ తప్పనిసరి, మీది రోజూ పూజ చేసుకునే ఇల్లు అన్నారు కాబట్టి పాపకు ముందే చెప్పి తన మనసులో ఏముందో కనుక్కోండి. క్రిస్మస్ సెలవులకు హాస్టల్ మూసేస్తే పాప ఎవరింట్లో ఉంటుంది, ఆ ఇంటివాళ్ల గురించి ఎవరు విచారించారు, శాకాహారం దొరుకుతుందా, ఇవన్నీ ఏజెంటుతో కాదు, నేరుగా స్కూల్‌కే మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి. వీడియో కాల్ కూడా అడగండి, అందులో పాపనే మాట్లాడనివ్వండి.