పండగ నెలలో రాత్రి వంట: "ఏదో ఒకటి చెయ్యి" అంటే సరిపోదు

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. ద్వారకానగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది. మావారిది గాజువాక వైపు షిఫ్టు డ్యూటీ. పాపకు 13 ఏళ్లు, బాబుకు 9. అత్తయ్యకు షుగరు, మోకాళ్ల నొప్పులు. డిసెంబరు వచ్చిందంటే మాకు ఒక్క సాయంత్రం ఖాళీ ఉండదు. నాకూ పాపకూ చర్చిలో క్వయర్ ప్రాక్టీసు, ఆ పైన సెమీ క్రిస్మస్, క్యారల్స్, బట్టలు కొనడం, ఇంటికి రంగులు, పిండివంటలు. రాత్రి వంట దగ్గర రోజూ గొడవే. ఏం వండమంటారని ఫోన్ చేస్తే మావారు "ఏదో ఒకటి చెయ్యి" అంటారు. వారంలో మూడు నాలుగు రోజులు పార్సిలే. అత్తయ్యేమో "మా రోజుల్లో పండగ నెలలో కూడా రెండు కూరలుండేవి. ఫ్రిజ్‌లోవి నాకొద్దు" అంటారు. మొన్న బుధవారం ప్రాక్టీసుకు టైమైపోతుంటే, స్టవ్ చూడమన్న పప్పు మాడిందని పాప మీద గట్టిగా అరిచాను. తినకుండా పడుకుంది. "పండగ వస్తోందంటే నాకు భయమేస్తోందమ్మా" అంది. అప్పటినుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. త్వరగా అయిపోయే వంటలు చెప్పండి. లోపం నాలోనే ఉందేమో, అదీ చెప్పండి.

జవాబు: ముందు మీ పాప సంగతి మాట్లాడుకుందాం. వంటలు ఆ తర్వాత.

పదమూడేళ్ల పిల్ల "పండగంటే భయం" అని అమ్మతోనే చెప్పగలిగిందంటే మీ ఇద్దరి మధ్య మాట ఇంకా తెగలేదు. ఆ వయసులో చాలామంది పిల్లలు అలాంటి మాట నోట్లోనే మింగేసి గది తలుపేసుకుంటారు. మీరు అరిచి బాధపడుతున్నారు. ఆ బాధను లోపలే పెట్టుకుని రాత్రంతా మేలుకునే బదులు ఈ రోజే పాప పక్కన కూర్చోండి. "మొన్న నీ మీద అరిచాను. అలిసిపోయి ఉన్నాను, ఆ కోపమంతా నీ మీద చూపించాను. తప్పు నాది. సారీ అమ్మా" అనండి. అంతే. "కానీ నువ్వు కూడా కాస్త చూసుకోవాలి కదా" అన్న ముక్క మాత్రం చేర్చకండి. అదొక్కటి చాలు, అంతకుముందు అన్నదంతా కొట్టుకుపోతుంది.

తర్వాత ఒకే ఒక ప్రశ్న అడగండి: "ఈ నెలలో నీకు అస్సలు నచ్చనిది ఏంటి?" క్వయర్ ప్రాక్టీసు అనొచ్చు. మీరు ఫోన్లో నాన్నతో గొడవపడటం అనొచ్చు. మీరు ఊహించనిది ఇంకేదో చెప్పొచ్చు. ఏం చెప్పినా అప్పటికప్పుడు సంజాయిషీ ఇవ్వకండి, వినండి. రెండు మూడు రోజులు మామూలుగా తింటోందా, స్కూలుకు వెళ్లి వచ్చాక మాట్లాడుతోందా గమనించండి. చాలావరకు ఇది ఇక్కడితో సర్దుకుంటుంది.

ఇక లోపం మాట. ఆఫీసులో రోజంతా లెక్కలు చూసి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడి, ఇంటికొస్తూ దారిలోనే మీరు ఇంకో లెక్క మొదలుపెడుతున్నారు. ఇంట్లో ఏ కూరగాయలున్నాయి, ఎవరు ఏం తింటారు, అత్తయ్యకు అన్నం తగ్గించాలి, బాబు ఏది ముట్టడు, ప్రాక్టీసు ఎన్నింటికి. ఇదంతా ఆలోచిస్తే చివరికి ఒక కూర తేలుతుంది. కూర వండటానికి అరగంట చాలు. దాన్ని తేల్చుకోవడానికే మనిషి అలిసిపోతుంది. ఒంట్లో ఓపిక అడుగంటిన వేళ ఆ పని రోజూ మీ ఒక్కరి మీదే పడుతోంది. మీ ఇంట్లో గొడవకు మూలం అక్కడుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే మీవారి "ఏదో ఒకటి చెయ్యి" మీకు అంత కోపం తెప్పిస్తోంది. ఆయన మంచికే అంటున్నారు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని. కానీ ఆ మాట మీ భారాన్ని రవ్వంత కూడా తగ్గించదు. "టమాటా పప్పు చెయ్యి, వచ్చేటప్పుడు టమాటాలు నేను తెస్తాను" అంటే తగ్గుతుంది. ఈ తేడా ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. కోపంగా ఉన్నప్పుడు కాకుండా మామూలుగా ఉన్నప్పుడు మీరే చెప్పండి.

మీరు ఇంట్లో ఐదుగురు. సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రులు కూడా ఐదే. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక ఒక కాగితం తీసుకుని, తలా ఒక రాత్రి పంచుకోండి. ఎవరి రాత్రికి ఏం వండాలో వాళ్లే చెప్పాలి. షరతు ఒక్కటే, ముప్పావు గంటలో అయిపోవాలి. ఎవరి వంతైతే వాళ్లు ఆ రోజు చేతనైన పని చేయాలి. బాబైతే కంచాలు పెట్టి నీళ్లు పోస్తాడు, పాప బియ్యం కడిగి రైస్ కుక్కర్ పెడుతుంది. (బాబుకు కూడా పని చెప్పండి. తొమ్మిదేళ్లవాడు వెల్లుల్లి ఒలవగలడు, గుడ్లు ఉడికాక పెంకు తీయగలడు. అన్నీ పాపకే చెబితే దాని భయం ఇంకా పెరుగుతుంది.) కాగితం ఫ్రిజ్ మీద అంటించాక ఇక దాని మీద చర్చ ఉండకూడదు. రాసింది వండాలి, వండింది తినాలి.

మీవారికి ఉదయం షిఫ్టు పడిన వారం ఆయన సాయంత్రానికి ముందే ఇంట్లో ఉంటారు. ఆ వారంలో రెండు రాత్రుల భోజనం ఆయనది. "నాకు సాయం చెయ్యండి" అని అడగకండి. సాయం అంటే పని మీదేనన్నట్టు ఉంటుంది. "మంగళ, గురువారాలు రాత్రి భోజనం మీరు చూడండి" అనండి. పప్పుచారు, అన్నం, ఒక గుడ్డట్టు. మొదటిసారి చారు పల్చగా రావచ్చు, ఉప్పెక్కువ కావచ్చు. మీరు వంటింట్లోకి వెళ్లి సరిచేయకండి. రెండో వారానికి ఆయనే కుదురుకుంటారు.

ఇప్పుడు మీరు అడిగిన వంటలు. ఆదివారం సాయంత్రం ఒక గంట కేటాయించగలిగితే ఐదు రాత్రులూ తేలికవుతాయి. కిలో ఉల్లిపాయలు, కిలో టమాటాలు, అల్లం వెల్లుల్లి ముద్దతో నూనె తేలేదాకా మగ్గించండి. చల్లారాక నాలుగు డబ్బాల్లో సర్ది, మూడు రోజుల్లో వాడేవి ఫ్రిజ్‌లో, మిగిలినవి ఫ్రీజర్‌లో పెట్టండి. ఒక రోజు ఆ మసాలాలో ఉడికించిన గుడ్లు వేసి చింతపండు పులుసు పోస్తే గుడ్ల పులుసు. ఇంకో రోజు పొద్దున్నే నానబెట్టిన శనగలు కుక్కర్‌లో ఉడికించి కలిపితే శనగల కూర. చిక్కుడుకాయలు విడిగా ఉడికించుకుని కలిపితే మూడో రోజు కూర. పెంకు తీయకుండా ఉంచితే ఉడికించిన గుడ్లు ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటాయి, అవి కూడా ఆదివారమే ఉడికించుకోవచ్చు.

ప్రాక్టీసు ఉన్న రాత్రికి పెసరపప్పు కిచిడీని మించింది లేదు. బియ్యం గ్లాసైతే పెసరపప్పు అర గ్లాసు, నీళ్లు నాలుగు గ్లాసులు. ఉల్లిపాయ, జీలకర్ర, మిరియాలతో పోపు పెట్టి క్యారెట్, పచ్చిబఠాణీ వేసి కుక్కర్ మూత పెట్టేయండి. నాలుగు విజిల్స్. మీరు స్నానం చేసి చీర మార్చుకునేలోపు అయిపోతుంది, పక్కన నిలబడి చూసుకునే పని లేదు కాబట్టి మాడిందని ఎవరి మీదా అరవాల్సిన అవసరం రాదు. పెరుగు, ఆవకాయ ఉంటే పిల్లలు మారు మాట్లాడరు. మినపపిండి రుబ్బి ఉంటే ఒక రాత్రి మినప రొట్టె. మందపాటి బాణలిలో సన్నని సెగ మీద అదే కాలుతుంది. ఒక రాత్రి పార్సిల్ తెచ్చుకోండి, కాగితం మీద రాసుకుని మరీ తెచ్చుకోండి. ముందే అనుకుని బండి దగ్గర ఇడ్లీ కట్టించుకుంటే అది కూడా ఆ రోజు భోజనమే. దానికి తప్పు చేసినట్టు బాధపడక్కర్లేదు.

కూరగాయలకు రైతుబజారు మీకు దగ్గరే. ఈ చలికాలంలో చిక్కుడు, ముల్లంగి, కాలీఫ్లవర్, మెంతికూర, ఆనపకాయ బాగా దొరుకుతాయి. పూర్ణా మార్కెట్‌లో పని పెట్టుకుంటే మాత్రం గురువారం వద్దు. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్లతో వన్‌టౌన్ అంతా కిటకిటలాడుతుంది, మీకు అరగంట పని రెండు గంటలవుతుంది.

మీ అత్తయ్యగారి సంగతి నాకు కొంచెం వేరేగా కనిపిస్తోంది. చేపల పులుసు మర్నాడు తింటేనే రుచి అని మన ఇళ్లల్లో పెద్దవాళ్లే చెబుతారు. మీ అత్తయ్యగారూ ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటారు. అంటే నిన్నటి వంట మీద ఆవిడకు అంత పట్టింపు లేదు. ఒకప్పుడు ఆ వంటింటి పెత్తనమంతా ఆవిడది. ఇప్పుడు మోకాళ్లు సహకరించక కుర్చీలో కూర్చుని, ఏం వండాలో ఎవరూ తనను అడగని ఇంట్లో ఉంటున్నారు. "మా రోజుల్లో" అన్న మాటలో సగం ఆ బాధే. ఆమె రాత్రికి ఏం కావాలో ఆమెనే అడగండి. "అత్తయ్యా, ఈ ఆదివారం వంజరం పులుసు మీరు చెబుతుంటే నేను పెడతాను, సోమవారానికి కూడా ఉండేలా పెడదామా?" అని చూడండి. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కావలసినంతే తీసి బాగా మరిగించండి. చిక్కుడుకాయలు ఈనెలు తీయడం, వెల్లుల్లి ఒలవడం కూర్చుని చేసే పనులు. "మీకు ఓపిక ఉంటేనే" అని చెప్పి ఇవ్వండి. డబ్బాలో మసాలా ఉన్నా, ఆమె కంచంలోకి వచ్చే కూర ఆ రాత్రి పొయ్యి మీద ఉడికిందే అవుతుంది. అది కూడా కళ్లకు కనబడేలా చూపించండి.

ఆవిడ భోజనం మాత్రం ఎవరి ప్రాక్టీసు కోసమూ ఆగకూడదు. షుగరుకు వాడే కొన్ని రకాల మాత్రలు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమకగా మాట్లాడటం మొదలవుతాయి. ఆవిడ వాడేవి అలాంటివేనా అని డాక్టరును అడగండి. ఎలాగైనా ఎనిమిదిలోపు ఆవిడ, పిల్లలు తినేయడం మంచిది. కిచిడీ రోజున ఆవిడకు కిచిడీ తక్కువ, కూర ఎక్కువ వడ్డించండి. మధ్యాహ్నం షిఫ్టు వారంలో మీవారి కోసం పిల్లల్ని ఆకలితో కూర్చోబెట్టకండి. ఐదుగురూ కలిసి తినడానికి వారానికి రెండు రాత్రులు చాలు. ఆ రెండూ కాగితం మీద గుండ్రంగా గీసి పెట్టండి, ఆ రాత్రి టీవీ, ఫోన్లు పక్కన పెట్టండి.

ఇంకొకటి, ఇది మీకు నచ్చకపోవచ్చు. వంట ఎంత తేలిక చేసుకున్నా సాయంత్రాలు అన్నీ నిండిపోయి ఉంటే లాభం లేదు. ఈ నెల పనుల్లోంచి రెండు తీసేయాలి. గులాబీ పువ్వులు, కజ్జికాయలు, అరిసెలు మూడూ ఇంట్లోనే చేయాలని లేదు. ఒక శనివారం పిల్లలతో గులాబీ పువ్వులు వేయండి, మిగతావి కొనండి. రంగులు పండగయ్యాక వేయించుకోవచ్చు. క్వయర్ పెద్దతో మాట్లాడి వారానికి ఒక ప్రాక్టీసు మానేస్తానని చెప్పండి, ముఖ్యంగా పాపకు అలసటగా ఉంటే. క్యారల్స్ వాళ్లు మీ వీధికి వచ్చే రాత్రి వాళ్లకు టీ, బిస్కెట్లు, కేకు ముక్క చాలు. ఆ రోజు ఇంట్లో కూడా ఉప్మాతో సరిపెట్టండి.

మీ నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకండి. పాపతో మాట్లాడాక కూడా పది పదిహేను రోజులు ఇలాగే ఉంటే, ఊరికే ఏడుపు వస్తుంటే, 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

24వ తేదీ రాత్రి ఆరాధనకు ముందు ఏం తినాలన్నది ఇప్పుడే రాసిపెట్టుకోండి. నన్నడిగితే టమాటా చారు, అన్నం, గుడ్డట్టు. 25 మధ్యాహ్నం బిర్యానీకి చికెన్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టే పని మీవారికి అప్పగించండి. ఈ ఆదివారం కాగితం పెన్ను పాప చేతికే ఇవ్వండి. మొన్నటి బుధవారం రాత్రి అది తినకుండా పడుకుంది కాబట్టి, వచ్చే బుధవారం దాని వంతు. ఏం కావాలో అదే రాసుకుంటుంది.