కండోమ్ కాథెటర్ ఊడిపోతోందని ప్లాస్టర్ చుట్టొద్దు

తమ్ముడూ, పక్షవాతంతో మంచాన ఉన్న మీ నాన్నగారికి కండోమ్ కాథెటర్ (మూత్రం గొట్టంలోంచి సంచిలోకి పోయేలా అంగానికి వేసే తొడుగు) రాత్రిళ్లు ఊడిపోతోందని, అందుకే పైన మామూలు ప్లాస్టర్ చుడుతున్నానని రాశావు. ముందు ఆ ప్లాస్టర్‌ని గోరువెచ్చటి నీళ్లతో తడిపి మెల్లగా తీసెయ్. అది సాగదు. బిగిస్తే రక్తం ఆడక పుండు పడుతుంది. బొబ్బిలిలో మా మావయ్యకి మేమూ అలాగే చుట్టాం. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది, ఆయన బాధ చూడలేకపోయాం.

ఊడటానికి చాలాసార్లు సైజే కారణం. 25, 30, 35 మిల్లీమీటర్లని రకరకాలుగా ఉంటాయి, కొలిచే స్కేలు కాగితం ఆమదాలవలసలో మందుల షాపువాళ్లని అడుగు. రోజుకోసారి మార్చు. చర్మాన్ని సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తొడుగు. నూనె, పౌడర్ రాస్తే అంటుకోదు. వెంట్రుకలు కత్తిరించు చాలు, షేవింగ్ వద్దు. కొనదగ్గర ఒకటి రెండు సెంటీమీటర్లు ఖాళీ వదులు, లేకపోతే గొట్టం మెలిపడి మూత్రం వెనక్కి తన్నుతుంది. సంచి మంచం కంటే కిందే వేలాడాలి.

వాపు, నీలిరంగు కనిపిస్తే వెంటనే తీసెయ్. మూత్రం రాకుండా పొత్తికడుపు ఉబ్బితే మాత్రం తెల్లారేదాకా ఆగకు, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్లిపో.