పడుకునే ఊరి ఎత్తు చూసి దారి గీసుకో: స్పితి ప్రయాణం గురించి మేనకోడలికి లేఖ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీవు పంపిన ప్రయాణ ప్రణాళికను రెండుసార్లు చదివాను. సెప్టెంబరులో మీ అత్తగారినీ మామగారినీ, ఎనిమిదేళ్ల బాబునూ వెంటబెట్టుకుని హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ చూసి రావాలనుకోవడం నాకు చాలా సంతోషం కలిగించింది. ఆ లోయకు నేను నాలుగుసార్లు వెళ్లాను. రోడ్లు భవనాల శాఖలో ఉద్యోగం చేసినంత కాలం ఎన్నో ఘాట్ రోడ్లు చూసినవాణ్నే అయినా, అటువంటి దారిని మరెక్కడా చూడలేదు. కాని మొదటి రోజు చండీగఢ్ నుంచి మనాలి, రెండో రోజు మనాలి నుంచి స్పితి ముఖ్య పట్టణం కాజా, ఆరో రోజుకల్లా మళ్లీ చండీగఢ్ అని నీవు వేసుకున్న లెక్క పనికిరాదని చెప్పక తప్పదు. ఆ లెక్క కిలోమీటర్లను చూసి వేసింది. మనాలి నుంచి కాజాకు రెండు వందల కిలోమీటర్లే కదా, హైదరాబాదు నుంచి విజయవాడ కన్నా దగ్గరే కదా అనిపించడం సహజమే. హిమాలయాలకు ఆవల ఉన్న ఆ ఎడారిలో దారిని కొలవవలసినది కిలోమీటర్లతో కాదమ్మా, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటున్నామన్న దానితో.

మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది, కాజా సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో దాటవలసిన కుంజుం కనుమ 4,550 మీటర్లకు పైమాటే. కాజాలో గాలి ఒత్తిడి మన సముద్రతీరంలో ఉండే దానిలో మూడింట రెండు వంతుల కన్నా కొంచెం తక్కువ. అంటే తీసుకునే ప్రతి శ్వాసలోనూ అందే ప్రాణవాయువు కూడా అంతే తగ్గుతుంది. శరీరం దీనికి అలవాటు పడగలదు కాని, అందుకు రోజులు కావాలి. మూడు వేల మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడక ఎత్తు ఐదు వందల మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు అదే ఎత్తున ఆగాలనీ పర్వత వైద్యం తెలిసిన డాక్టర్లు చెబుతారు. నీ లెక్క ప్రకారం ఒక్క పగటిలోనే పడక ఎత్తు పదహారు వందల మీటర్లు పెరుగుతోంది.

నేను ఇది అనుభవించి చెబుతున్నాను. నా మొదటి ప్రయాణంలో మేము నలుగురం తెల్లవారుజామున మనాలిలో బయలుదేరి రాత్రి తొమ్మిదింటికి కాజా చేరాము. మాలో అందరికన్నా దృఢంగా ఉండే స్నేహితుడికి తలనొప్పీ వాంతులూ మొదలై, అర్ధరాత్రికి పడుకుంటే ఊపిరాడని స్థితి వచ్చింది. కాజాలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఉదయానికల్లా కిందకు దించెయ్యమన్నారు. ఆ లోయ స్వరూపం నాకు అప్పుడే అర్థమైంది. కాజా నుంచి మనాలి వైపు దిగాలంటే ముందు కుంజుం కనుమ మీదికి ఇంకో తొమ్మిది వందల మీటర్లు ఎక్కాలి. పక్క జిల్లా కిన్నౌర్ వైపు వెళితే దారి నదితోపాటు దిగుతుంది గాని, నాకో ఊరి దగ్గర మళ్లీ 3,650 మీటర్లకు ఎక్కి, ఆ తరువాతే నిజంగా కిందకు వస్తుంది. మేము రెండో దారే పట్టుకుని, కిన్నౌర్ జిల్లా కేంద్రం రికాంగ్ పియో చేరేసరికి సాయంత్రమైంది. అక్కడికి వచ్చాక అతను లేచి కూర్చుని టీ అడిగాడు. ఆ పది గంటలూ వెనక సీట్లో అతని దగ్గును వింటూ కూర్చున్న నేను, అటువంటి పగలు మా అల్లుడుగారికి, అందునా కన్నతండ్రిని వెనక కూర్చోబెట్టుకుని, రాకూడదని కోరుకుంటున్నాను.

కాబట్టి సిమ్లా వైపు నుంచి లోపలికి వెళ్లి, మనాలి వైపు నుంచి బయటకు రండి. ఆ దారి సట్లెజ్ నది వెంట నెమ్మదిగా ఎక్కుతుంది. మొదటి రాత్రి నార్కండాలో, సుమారు 2,700 మీటర్ల ఎత్తున పడుకోండి. రెండో రోజు దారి రామ్‌పూర్ దగ్గర నది ఒడ్డుకు దిగి మళ్లీ ఎక్కుతుంది. ఆ రాత్రి సరాహన్‌లో ఆగి భీమాకాళి ఆలయం చూడండి, మీ అత్తగారికి తప్పక నచ్చుతుంది. మూడో రోజు కల్పా చేరి, అక్కడ రెండు రాత్రులు ఉండండి. కల్పా 2,960 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎదురుగా కిన్నర కైలాసం, చుట్టూ కోతకు వచ్చిన ఆపిల్ తోటలు ఉంటాయి కనుక ఊరికే కూర్చున్నామన్న వెలితి ఎవరికీ ఉండదు. ఐదో రోజు ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే చోటు దాటి, నాకోలో భోజనం చేసి, పడకకు మాత్రం తాబో వెళ్లండి. చాలామంది నాకోలోనే ఆగిపోతారు. ముందుకు వెళితే తాబో 3,280 మీటర్లే కాబట్టి ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది.

తాబోలో ఒక రోజు పూర్తిగా ఉండమని ప్రత్యేకంగా కోరుతున్నాను. అక్కడి బౌద్ధ ఆరామాన్ని 996లో కట్టారు. మన రాజరాజనరేంద్రుడు గద్దెనెక్కక ముందే మట్టితో లేపిన ఆ గోడలు, వాటి లోపలి చిత్రాలు, బొమ్మలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయంటే, అక్కడ వర్షం ఎంత అరుదో ఊహించుకో. రుతుపవనాల మేఘాలు హిమాలయ శ్రేణుల దక్షిణపు వాలుల మీదే కురిసి ఖాళీ అయిపోతాయి, ఈ లోయ వాటి చాటున పడి ఎండిపోయింది. లోపలి మందిరంలో ఫోటోలు తీయనివ్వరు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఓపికగా నిలబడితే ఒక్కొక్క బొమ్మే గోడలోంచి బయటకు వచ్చినట్టు కనిపిస్తుంది. బాబుకు ఆ ఓపిక ఉంటుందో లేదో గాని, వాడిని కూడా లోపలికి తీసుకువెళ్లు.

ఏడో రోజు ధన్‌కర్ కోటను చూసుకుంటూ కాజా చేరండి. అక్కడ మూడు రాత్రులు ఉంచుకోండి. కీ ఆరామం, కిబ్బర్, చిచ్చం వంతెన ఒక రోజు. లాంగ్జా, హిక్కిం, కోమిక్ ఇంకొక రోజు. ఇవన్నీ 4,100 నుంచి 4,600 మీటర్ల దాకా ఉన్న ఊళ్లు కాబట్టి పగలు ఎక్కి చూసి, సాయంత్రానికి దిగివచ్చి కాజాలోనే పడుకోవాలి. లాంగ్జాలో పిల్లలు శంఖంలాంటి రాళ్లు చూపించి అమ్ముతామంటారు. ఆ నేల ఒకప్పుడు, హిమాలయాలు లేవకముందు ఉన్న టెథిస్ సముద్రపు అడుగు. అవి అప్పటి జీవుల శిలాజాలు. వాటిని బాబుకు చూపించు, కథ చెప్పు, కొనవద్దు. కొనేవాళ్లు ఉన్నంత కాలం ఆ కొండలను తవ్వుతూనే ఉంటారు.

చంద్రతాల్ సరస్సు దగ్గర గుడారాలలో ఒక రాత్రి ఉండాలని నీవు ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నావు. సరస్సు అందం గురించి నీకు నేను చెప్పనక్కరలేదు. అయినా మీ మామగారికి రక్తపోటు ఉంది, ఆ చోటు 4,250 మీటర్ల ఎత్తున ఉంది, ఫోన్ అందదు, ఆసుపత్రి ఉన్న కాజాకు తిరిగి రావాలంటే చీకట్లో కుంజుం దాటాలి. 2023 జులైలో అకాలంగా మంచు కురిసి అక్కడ రెండు వందల మందికి పైగా చిక్కుకుపోతే, వాళ్లను బయటకు తేవడానికి రోజులు పట్టింది. ఈసారికి ఆ రాత్రిని వదులుకోండి. పదో రోజు తెల్లవారకముందే కాజాలో బయలుదేరితే, అందరూ కులాసాగా ఉండి ఆకాశం నిర్మలంగా ఉంటే, దారిలో పక్కకు తిరిగి సరస్సు చూసి రావచ్చు. ఏ ఒక్కరికి తలనొప్పి ఉన్నా నేరుగా మనాలికే వెళ్లిపోండి.

ఆ రోజు త్వరగా బయలుదేరమనడానికి ఇంకో బలమైన కారణం ఉంది. కుంజుం దిగాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా దారికి అడ్డంగా హిమానీనదాల నుంచి వాగులు దిగుతాయి. రాత్రి చలికి పైన కరగడం ఆగిపోతుంది కనుక ఉదయం చక్రం సగం కూడా మునగని వాగు, ఎండ కాసిన కొన్ని గంటలకు, అంటే మధ్యాహ్నం రెండు మూడింటికి, రాళ్లను దొర్లించుకుంటూ వస్తుంది. రాళ్లు పడే చోట్ల సంగతీ ఇంతే: రాత్రి పగుళ్లలో గడ్డకట్టిన నీరు రాయిని పట్టి ఉంచుతుంది, ఎండ తగలగానే వదిలేస్తుంది. గ్రాంఫూ దాటి కోక్సర్ మీదుగా వస్తే, 2020లో తెరిచిన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం మిమ్మల్ని రోహ్‌తాంగ్ కనుమ ఎక్కనివ్వకుండానే మనాలి వైపుకు తెస్తుంది. నా రోజుల్లో అది లేదు.

నెల విషయంలో నీవు సరిగ్గానే ఆలోచించావు. లోయ లోపల వాన పడకపోయినా, లోయకు చేర్చే కిన్నౌర్ దారి మీద జులై, ఆగస్టు నెలల్లో కొండచరియలు విరిగిపడతాయి. 2021 ఆగస్టులో నిగుల్‌సరీ దగ్గర బస్సు మీదా, ఇతర వాహనాల మీదా కొండ కూలి 28 మంది చనిపోయారు. సెప్టెంబరు రెండో వారం తరువాత బయలుదేరితే మంచిది. అక్టోబరు చివరకు జరపవద్దు, కుంజుం మంచుతో ఎప్పుడు మూసుకుపోతుందో చెప్పలేము. ఏ నెలలో వెళ్లినా, పదకొండో రోజు చండీగఢ్ చేరే ఈ లెక్కకు తోడు రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి. దారి మూసుకుపోతే తెరిచేదాకా ఆగడానికి మీ దగ్గర సమయం ఉండాలి. విమానం తప్పిపోతుందన్న తొందరలోనే మనుషులు దాటకూడని వాగును దాటుతారు.

మందుల సంగతికి వస్తాను. బయలుదేరడానికి నెల ముందే మీ మామగారినీ, అత్తగారినీ డాక్టరుకు చూపించి, ఎంత ఎత్తుకు వెళుతున్నారో ఊరి పేర్లతో కాకుండా మీటర్లలో చెప్పండి. ఎసిటజోలమైడ్ అనే మాత్ర ఎత్తుకు అలవాటు పడడంలో సాయపడుతుంది. సల్ఫా మందులు పడనివారి విషయంలో జాగ్రత్త అవసరం కనుక డాక్టరు చెప్పనిదే ఎవరికీ ఇవ్వవద్దు. నిద్రమాత్రలూ మద్యమూ అక్కడ వద్దు. పెద్దవాళ్లు మీకు ఇబ్బంది ఎందుకని తలనొప్పిని దాచుకుంటారు, పిల్లలకు చెప్పడం రాదు. అందుకని ప్రతి సాయంత్రం నీవే అడుగు, బాబు ఆటా తిండీ తగ్గాయేమో గమనించు. తలనొప్పితోపాటు వికారం ఉంటే ఆ రోజు ఇంక పైకి ఎక్కకూడదు. ఊరికే కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, మడమకు కాలివేలు ఆనించి గీత మీద నడవమంటే తూలడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి, కిందకు దిగాలి. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బాలు కొన్ని నిమిషాలకు మించి రావు, వాటిని నమ్ముకుని ఆగిపోవద్దు.

కారును మా అల్లుడుగారు నడపాలని ఉత్సాహపడుతున్నారని రాశావు. ఆయన నేర్పు మీద నాకు నమ్మకం ఉంది. కాని అక్కడ దారి తెలియడం వేరు, బండి నడపడం వేరు. చండీగఢ్‌లో బండిని డ్రైవరుతో సహా మాట్లాడుకోండి, అదీ కిన్నౌర్ గాని స్పితి గాని తరచుగా వెళ్లే మనిషి అయితే మంచిది. స్వయంగా నడపవలసి వస్తే నేలకు ఎత్తుగా ఉన్న బండి తీసుకుని, అద్దె ఒప్పందంలో స్పితికి అనుమతి ఉందో లేదో చదివి సంతకం చేయండి. నాలుగు వేల మీటర్ల పైన ఇంజిన్‌కూ గాలి చాలదు, బలం తగ్గుతుంది, కాబట్టి సామాను తగ్గించండి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. స్టెప్నీలో గాలి చూసుకోండి, లాగే తాడు ఒకటి పెట్టుకోండి. రికాంగ్ పియో కింద పొవారీ బంకులో ట్యాంకు నింపితే కాజా దాకా మరొక బంకును లెక్కలో వేసుకోవద్దు. కాజాలో మళ్లీ నింపుకున్నాకే మనాలి దారి పట్టాలి. నగదు కూడా సిమ్లా వైపే తీసి పెట్టుకోండి.

అమెరికా నుంచి వచ్చే మీ ఆడపడుచు కూడా కలుస్తుందని రాశావు. మనకు గుర్తింపు కార్డు చాలు గాని, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి రికాంగ్ పియో దాటి కాజా వైపు వెళ్లడానికి అనుమతి పత్రం కావాలి. అది సిమ్లాలో గాని, రికాంగ్ పియోలో గాని కార్యాలయం పనివేళల్లో తీసుకోవాలి కనుక, కల్పాలో ఉండే ఆ ఖాళీ రోజు ఆదివారం కాకుండా చూసుకోండి.

తిండి గురించి రెండు మాటలు. కాజాలో నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది కనుక విడిగా వండిన అన్నం పలుకుగా ఉంటుంది. కుక్కరులో వండి పెట్టే ఇంట్లో బస చేయండి. కందిపొడి, నెయ్యి, వేయించిన అటుకులు, పల్లీ చిక్కీ మీ దగ్గర ఉంటే మామగారికి లోటుండదు. అక్కడివాళ్లు పెట్టే థుక్పా అనే నూడుల్స్ సూప్ తప్పక తినండి. నీళ్ల విషయంలో మాత్రం పొదుపుగా ఉండండి. మంచు కరిగిన కాలువ నీటితోనే వాళ్లు బార్లీ, బఠాణీ పండించుకుంటారు. రోజూ రెండు బకెట్ల వేడినీళ్ల స్నానం అడగడం ఆ ఊళ్లో న్యాయం కాదు. మంత్రాలు చెక్కిన రాళ్ల గోడలు, స్తూపాలు దారిలో ఎదురైతే మన గుడిలో చేసినట్టే వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని వెళ్లాలి.

గదులకు డబ్బు కట్టే ముందు ప్రణాళికను మళ్లీ రాసి నాకు పంపు. ప్రతి తేదీకి ఎదురుగా ఊరి పేరూ, ఆ రాత్రి పడుకునే ఎత్తూ రాయి. మామగారి డాక్టరు ఏమన్నారో కూడా రాయి. నేను చూసి, మార్చవలసినది ఏమైనా ఉంటే ఆదివారం లోపు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య