పరుపుల కొట్టు పెడుతున్న మా చిన్నోడికి

అస్సలాము అలైకుమ్ నాయనా,

నంద్యాలలో పరుపుల కొట్టు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సంతోషం ఒకపక్క, దిగులు ఒకపక్క. స్పాంజి పరుపులు వచ్చాక మన ఇళ్లలో దూదేకే విల్లులు అటకెక్కాయి. పిల్లలంతా బెంగుళూరు, హైదరాబాదు దారి పట్టారు. అలాంటిది చదువుకున్నవాడివి నువ్వు మళ్లీ దూది ముట్టుకుంటానంటే, మీ జేజినాయన బతికుంటే వీధి వీధంతా తిరిగి చెప్పుకునేవాడు. మిషన్ కొంటున్నావంట, ఫోన్లో కూడా ఆర్డర్లు తీసుకుంటావంట. మంచిదే. ఫోన్లో వ్యాపారం నాకు తెలీదు. దూది తెలుసు. దూది చేతిలో ఉన్నోడి మనసు ఎక్కడ జారుతుందో తెలుసు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. అద్దె కాగితం రాయించుకో. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించు, గడువు దాటనీకు. దూది దగ్గర బీడీ, అగరుబత్తి ఏదీ వెలగకూడదు. పనివాళ్ల ముక్కుకు గుడ్డ కట్టించు, ఆ నుసి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి ఎంత దగ్గుతాడో మీ జేజినాయన్ను చూసినవాళ్లకు తెలుసు. కూలి ఏ రోజుది ఆ రోజే ఇచ్చెయ్. చెమట ఆరకముందే ఇవ్వమన్నారు మన ప్రవక్త (స).

ఇంక అసలు సంగతి. ఐదు పూటలా నమాజు తప్పడం లేదని మీ అమ్మ మురిసిపోతూ చెప్పింది. అల్హమ్దులిల్లాహ్. కానీ నాయనా, కొట్టు తెరిచిన రోజు నుంచి నీ దీన్, అంటే నీ ధర్మం, ఎంతో తేలేది గల్లాపెట్టె దగ్గరే. దివాలా తీసినవాడంటే ఎవరని ప్రవక్త (స) ఒకసారి తన సహచరులను, సహాబాలను, అడిగారు. డబ్బూ సరుకూ లేనివాడని వాళ్లన్నారు. నా ఉమ్మత్‌లో, అంటే నన్ను నమ్మినవాళ్లలో, దివాలా తీసినవాడు ప్రళయదినాన నమాజులు, రోజా ఉపవాసాలు, జకాత్ దానాలు అన్నీ తెచ్చుకుంటాడు, కానీ ఒకణ్ణి తిట్టి ఉంటాడు, ఒకరి మీద నింద వేసి ఉంటాడు, ఒకరి సొమ్ము తిని ఉంటాడు, అతని పుణ్యాలన్నీ వాళ్లకు పంచేస్తారు, అవి చాలకపోతే వాళ్ల పాపాలు తెచ్చి ఇతని మీద వేస్తారు అన్నారు. ప్రవక్త మాటల పుస్తకం సహీహ్ ముస్లింలో ఉంది ఈ హదీసు. చిన్నప్పుడు మసీదులో విన్నప్పటి నుంచి నాకు ఈ మాటంటే భయం.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాయన సంగతి. ఆయన లేనప్పుడు ఆయన తప్పు చెబితే, అది నిజమే అయినా గీబత్ అనే పాపం అవుతుంది. అందుకని ఫోన్ చేసి అడిగా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెప్పన్నా, నేనే చెబుదామనుకుని ఇన్నేళ్లూ నోరు రాక ఊరుకున్నా" అన్నాడు.

నువ్వు పుట్టకముందు మాట. మీ నాయనకు అప్పుడే పెళ్లయింది, కొట్టు ఆయన చేతికొచ్చింది. ఒక రైతు కూతురి పెళ్లికి రెండు పరుపులు, నాలుగు దిండ్లు చెప్పాడు. దిండ్లలోకి బూరుగు దూది, పరుపుల్లోకి కొత్త పత్తి దూది అని మాట. సగం డబ్బులు ముందే ఇచ్చాడు. ఆ ఏడు దూది ధర పెరిగిపోయింది, ఆదోని నుంచి సరుకు అరువు మీద రావడం ఆగిపోయింది. మీ నాయన ఏం చేశాడంటే, జనం పారేసిన పాత పరుపులు కొని ఉంచుకున్నాడు కదా, ఆ దూది మళ్లీ ఏకించి లోపల నింపాడు. పైనా కిందా ఒక్కో పొర కొత్తది పరిచి కుట్టేశాడు. పాత దూది ఏకి ఇవ్వడం తప్పు కాదు, పేదోళ్లు అడిగి మరీ చేయించుకుంటారు. కొత్తదని చెప్పడం తప్పు. రైతు పరుపు మీద చెయ్యేసి నొక్కి, "అంతా కొత్తదేనా మస్తానూ" అంటే, మీ నాయన "అల్లా మీద ఒట్టు" అన్నాడు. నేను ఆ పక్కన లేను. ఉంటే ఆ నోరు మూయించి ఉండేవాణ్ణి.

వానాకాలం వచ్చేసరికి పరుపులు ముక్క వాసన కొట్టాయి, దూది గడ్డలు కట్టింది. కోయిలకుంట్ల పక్క పల్లెలో ఆ పిల్ల అత్తగారు పరుపు విప్పి వసారాలో కుమ్మరించింది. నల్లటి ఉండలు, దారప్పోగులు, వాటి మధ్య ఎవరిదో పగిలిన గాజు ముక్క ఒకటి. "చచ్చినోళ్ల పరుపు తెచ్చి మా ఇంటికి పంపారు మీ అమ్మానాయనా" అని ఆ పిల్లను నలుగురిలో నిలబెట్టి అడిగింది. ఆ పిల్ల ఏం చెబుతుంది? రైతు గాజు ముక్క కాగితంలో చుట్టుకుని మన కొట్టుకొచ్చాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. దాన్ని మీ జేజినాయన ముందు పెట్టి, "మీరు దేవుడి మీద ఒట్టేశారని నమ్మినా సాయిబూ" అన్నాడు, వెళ్లిపోయాడు.

మా నాయన అన్నం తినలేదు ఆ పూట. డబ్బులు వెనక్కిచ్చేద్దామన్నాడు మీ నాయన. మా నాయన ఒప్పుకోలేదు. "డబ్బు రైతుకు పోతుంది. ఆ పిల్ల పరువు ఎవరిస్తారు?" అన్నాడు. తౌబా, అంటే పశ్చాత్తాపం అంటే, చేసిన పని మానేయడం, సిగ్గుపడటం, మళ్లీ చేయనని గట్టిగా అనుకోవడం. మనిషి హక్కు పోగొట్టి ఉంటే ఆ హక్కు ఆ మనిషికే అప్పజెప్పాలి, అల్లాహ్‌ను అడిగితే సరిపోదు. మా అమ్మ గొలుసు కుదువ పెట్టి కొత్త దూది తెచ్చాం. బండి మీద దూది, విల్లు, కొత్త పరుపు గుడ్డ వేసుకుని ముగ్గురం ఆ ఊరు పోయాం. వాళ్ల వాకిట్లోనే దూది ఏకాం. ఊరు ఊరంతా వచ్చి చూస్తోంది. మీ నాయన విల్లు పక్కన పెట్టి, తలమీద దూది అట్లే ఉండగా, ఆ అత్తగారితో, "అమ్మా, తప్పు నాది. వీళ్ల నాయన కొత్త దూదికే డబ్బిచ్చాడు. నేను మోసం చేశాను" అని చెప్పాడు. గొంతు వణికింది గానీ ఒక్క మాట మింగలేదు. నా తమ్ముడిని చూసి నేను ఎప్పుడైనా గర్వపడ్డానంటే అది ఆరోజే. ఆ పిల్ల తలుపు పక్కనే నిలబడి విన్నది.

మీ నాయన నోట ఒట్టు అన్న మాట నువ్వు ఎప్పుడైనా విన్నావా? వినలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. ఒట్టు వేస్తే సరుకు అమ్ముడుపోతుంది గానీ అందులో బరకత్, అంటే అల్లాహ్ ఇచ్చే శుభం, తుడిచిపెట్టుకు పోతుందని ప్రవక్త (స) అన్నారు, బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది.

నీ ఫోన్ వ్యాపారం గురించి నా భయం కూడా ఇదే. కొట్టుకొచ్చినోడు కనీసం చెయ్యేసి నొక్కి చూస్తాడు. ఫోన్లో బొమ్మ చూసి కొనేవాడికి అదీ లేదు. ప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టారు, లోపల వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడిందండీ అన్నాడు ఆ వ్యాపారి. మరి జనానికి కనబడేటట్టు తడిసింది పైన పెట్టొచ్చు కదా, మోసం చేసేవాడు మావాడు కాదు అన్నారు. మన పరుపుకు ఇంతకన్నా సరిపోయే మాట ఏముంది? కాబట్టి బొమ్మతో పాటు లోపల ఏముందో రాసిపెట్టు. మిల్లు వేస్ట్ అయితే మిల్లు వేస్ట్ అనే రాయి. ధర తక్కువ పెట్టు, కొనేవాళ్లు కొంటారు. పరుపుకు ఒక పక్క కుట్టు వేయకుండా కొంచెం వదిలి, చూసుకున్నాక కుట్టివ్వు. పని పెరుగుతుందని సణుగుతావు, తెలుసు. సణుగు, కానీ చెయ్యి.

తూకం గురించి వేరే చెప్పను. ఖుర్ఆన్‌లో ముతఫ్ఫిఫీన్ సూరా, ఆ అధ్యాయం, తెలుగు తర్జుమాలో చదువు, చిన్నదే. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్లకు నాశనం అని మొదటి మాటలోనే ఉంది. షుఐబ్ ప్రవక్త జాతి మద్యన్ వాళ్లు చేసిన తప్పుల్లో తూకం మోసం ఒకటి. దూది తేమ పడితే బరువు తూగుతుందని నీకు ఎవడో ఒకడు తప్పకుండా నేర్పుతాడు. వాడిని మళ్లీ కొట్టు మెట్లు ఎక్కనీకు.

బేరం ఆడేవాళ్లు విసిగిస్తారు. నీకు కోపం ముక్కు మీద ఉంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే, పలక విరగ్గొట్టిన మొనగాడివి. లుఖ్మాన్ తన కొడుక్కి చెప్పినవి ఖుర్ఆన్‌లో ఉన్నాయి. జనం నుంచి ముఖం తిప్పుకోకు, గొంతు తగ్గించు, గొంతులన్నిటిలోకీ వికారమైనది గాడిద గొంతు అని. అనస్ (ర) పదేళ్లు ప్రవక్త (స) దగ్గర పనిచేశారు, ఒక్కనాడూ ఆయన నోట "ఉఫ్" అన్న మాట వినలేదట. పనిపిల్లలు తప్పు చేసినప్పుడు ఇది గుర్తు తెచ్చుకో.

మనకు ఉర్దూ రాదని, దూదేకులోళ్లకు దీన్ తెలీదని చిన్నచూపు చూసినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లతో వాదానికి పోకు. పక్క కొట్టు మార్వాడీ అయినా, రెడ్డిగారైనా, ఇమాంసాబైనా అందరికీ అదే కాటా, అదే మాట. అప్పు తీసుకున్నవాడు నిజంగా ఇవ్వలేకపోతే గడువివ్వమని ఖుర్ఆన్‌లో బఖరా సూరాలో ఉంది, కాలర్ పట్టుకోకు. వడ్డీ జోలికి మాత్రం పోకు. వ్యాపారం హలాల్, వడ్డీ హరామ్ అని అల్లాహ్ అన్నాక ఇంక మాట లేదు. బ్యాంకు లోను గురించి అనుకుంటున్నావని మీ అమ్మ అంది. ఆగు.

నా దగ్గర కొంత ఉంది. మిషన్ ఖరీదుకు అదీ, మీ నాయనదీ కలిపితే చాలా వరకు వస్తుంది. కానీ నీ మీద ప్రేమతో ఊరికే ఇవ్వను. ఖుర్ఆన్ మొత్తంలో పొడుగైన ఆయత్, పొడుగైన వాక్యం, అప్పు కాగితం రాయడం గురించే. బఖరాలో 282. ఎంత, ఎప్పటికి తిరిగిస్తావు, ఇద్దరు సాక్షుల సంతకాలు, అన్నీ రాసి సిద్ధంగా పెట్టు. పెద్దనాయనతో కాగితమేంది అని మొహమాటపడితే డబ్బులు సంచిలోంచి తీయను. వచ్చే శుక్రవారం జుమా నమాజు అక్కడే చదువుకుంటా, మధ్యాహ్నం భోజనానికి మీ ఇంటికొస్తా. మీ అమ్మను పప్పులో కారం తగ్గించమను, నాకు కడుపు బాగుండటం లేదు.

మీ పెద్దనాయన