తొలి ఆల్బమ్‌కి మార్కులు వేసే ముందు

అల్లుడూ,

నువ్వు పంపిన రివ్యూ రెండుసార్లు చదివాను. ఒక పాట బాగుంది, ఇంకోటి బాగోలేదు, మొత్తం మీద పదికి అయిదు అని తేల్చేశావు. ముందు ఆ అయిదు కొట్టెయ్యి. ఎనిమిదికీ రెండుకీ సగటు తీస్తే ఆ ఎనిమిది ఎక్కడుందో చదివేవాళ్లకి తెలియదు. నువ్వు రాసిన 'టూఅహ నా గేల్' ఐరిష్ బ్యాండ్ క్రూఅఖన్ వాళ్ల తొలి ఆల్బమ్, 1995లో వచ్చింది. ఐరిష్ జానపదాన్నీ, అరుపులతో గరుకు గిటార్లతో సాగే బ్లాక్ మెటల్‌నీ కలపడం అప్పటికి ఇంకా కొత్త పని. ఎక్కడ కలిసిందో, ఎక్కడ విడిపోయిందో చెప్పు. నేను కూడా మొదటిసారి సగంలోనే ఆపేసి, చాలా ఏళ్లు ఆ ఆల్బమ్ జోలికి పోలేదు. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను.

నువ్వు డబ్లిన్‌లో ఉన్నావు, ఆ బ్యాండ్ పుట్టిన ఊళ్లోనే. ఒక సాయంత్రం స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ పబ్‌కి వెళ్లి మూల కూర్చో. ఫిడేలు, టిన్ విజిల్ అనే చిన్న రేకు పిల్లనగ్రోవి, బౌరాన్ అనే వాళ్ల డప్పు, మైకుల హడావిడి లేకుండా విను. జిగ్, రీల్ అనేవి వాళ్ల నాట్యపు బాణీలు. జిగ్ అంటే మూడేసి మాత్రల నడక. చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నావుగా, తిశ్రం వెంటనే పట్టేస్తావు. రీల్ అయితే చతురశ్రంలో, అంటే నాలుగేసి మాత్రల్లో పరిగెడుతుంది.

ఆ నడక ఒంట బట్టాక ఆల్బమ్ పెట్టుకో. విజిల్ వచ్చిన ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకో. అప్పుడు డ్రమ్స్ ఏం చేస్తున్నాయో చూడు. గిటార్ ఆగి, జానపదం వినిపించి, మళ్లీ గిటార్ మొదలైతే అది అతుకు. గిటారే జిగ్ నడక ఎత్తుకుంటే అది కలయిక. ఈ తేడా ఇంకా తెలియాలంటే అదే ఏడాది వచ్చిన ప్రైమోర్డియల్ అనే బ్యాండ్ తొలి ఆల్బమ్ 'ఇమ్రామా' పక్కన పెట్టుకుని విను. వాళ్లూ డబ్లిన్ దగ్గర స్కెరీస్ వాళ్లే. అక్కడ జానపదం ఎక్కువగా గిటార్ నడకలోనే ఉంటుంది.

రికార్డింగ్ గరుకుగా ఉందని పేరా అంతా రాశావు. ఒక వాక్యం చాలు.

పాటల్లోని కథల్ని నువ్వు 'ఫాంటసీ కథలు' అన్న మాట మాత్రం నాకు బాధ కలిగించింది. అవి వాళ్ల పురాణాలు. క్రూఅఖన్ అంటే మేవ్ రాణి రాజధాని. రోస్‌కామన్ జిల్లాలో ఆ దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. కూలీ ప్రాంతపు ఎద్దు కోసం ఆమె సైన్యం కదిలిస్తే, ఎదుటి పక్షం యోధులందరూ శాపంతో మంచం పట్టిన వేళ, వాళ్ల వీరుడు కుహూలిన్ సారథిని వెంటబెట్టుకుని ఒక్కడే ఎదురు నిలుస్తాడు. విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం విన్నవాడివి, ఈ కథ నీకు పరాయిదెలా అవుతుంది? ఆ కథ తెలుసుకుని మళ్లీ విను. అరుపు వెనకాల ఏ ఆవేశం ఉందో అర్థమవుతుంది. అయినా పాట తేలిపోతే, తేలిపోయిందనే రాయి. జాలితో మార్కులు వెయ్యొద్దు.

క్రూఅఖన్‌లో గాయని చేరాక, 2000లో వచ్చిన రెండో ఆల్బమ్ ఇప్పుడే వినకు. అది విన్నాక దీన్ని దీనిగా వినలేవు.

తొందరేం లేదు, నెల పట్టినా సరే. పబ్‌లో వాయించేవాళ్లని అడిగి, ఒక జిగ్ ఫోన్‌లో రికార్డు చేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
మావయ్య